రచయితను ట్యాగ్ చేసే ముందు: మన పల్నాడులో జరిగిన రెండు కథలు

ఈ ఛానల్ ఎప్పటి నుంచో చూస్తున్నవాళ్లకు తెలుసు, నాది నరసరావుపేట. వారానికి ఒక తెలుగు పుస్తకం చదివి మూడు నాలుగు నిమిషాల్లో దాని గురించి మాట్లాడుతుంటాను. ఈ వారం పుస్తకం లేదు. నేను చేసిన ఒక తప్పు గురించి చెప్పాలి. దాని గురించి ఆలోచిస్తూ వెనక్కి వెళ్తే, మన పల్నాడులోనే నూరేళ్ల కిందటి కథలు రెండు మూడు దొరికాయి. అవి కూడా చెప్తాను. కొంచెం ఓపిగ్గా వినండి.

ముందు నా తప్పు సంగతి. కొన్ని నెలల కిందట ఒక నవల చదివాను. రాసినావిడ పేరు చెప్పను. కథ మన వైపు పల్లెటూళ్లోనే జరుగుతుంది. అందులో వినాయకచవితి రోజుల్లో మిరప కోతలు, కల్లంలో ఎర్రగా ఆరబోసిన కాయలు అని రాశారు. మనకు తెలుసుగా, వినాయకచవితి అప్పటికి మిరప ఇంకా నారు, నాటు దగ్గరే ఉంటుంది. సంక్రాంతి దాటితే గానీ కోతలు జోరందుకోవు, కల్లాలు ఎండాకాలం దాకా ఉంటాయి. నాకు నవ్వొచ్చింది. వీడియో చేశాను. అక్కడితో ఆగితే బాగుండేది. ఆవిడ ఫోటో పెట్టాను, దాని మీద "ఈవిడ మిరపచేను ఎప్పుడైనా చూసిందా?" అని పెద్దక్షరాలు వేశాను. ఆవిడను ట్యాగ్ చేశాను.

వీడియో బాగా పోయింది. నా వీడియోల్లో అంతగా పోయినవి తక్కువ. కింద కామెంట్లు మొదట మిరప గురించే ఉన్నాయి. సాయంత్రానికి ఆవిడ మొహం మీదికి పోయాయి. రాత్రికి ఒకడు వచ్చి "ఇంటిపేరు చూస్తే తెలియట్లా, వీళ్లకి వ్యవసాయం ఏం తెలుసు" అన్నాడు. దాని కింద ఇంకో పది మంది. నేను ఫోన్‌లో అలవాటుగా వరసబెట్టి హార్ట్‌లు కొట్టుకుంటూ పోయాను. ఆ కామెంట్‌కి కూడా కొట్టాను.

రెండో రోజు ఆవిడ దగ్గర నుంచి నాకు మెసేజ్ వచ్చింది. తిట్టలేదు. "మిరప కోతల సంగతి మీరు చెప్పింది నిజమే, రెండో ముద్రణ వస్తే మారుస్తాను. నా ఫోటో ఎందుకు పెట్టారు? ఆ ఇంటిపేరు కామెంట్ మీకు ఎందుకు నచ్చింది?" అంతే. ఆ తర్వాత ఆవిడ తన పేజీలో కామెంట్లు మూసేశారు. నాకు జవాబు దొరకలేదు. "చూసుకోలేదండీ" అని రాశాను. అది నిజమే, కానీ అది జవాబు కాదని నాకే తెలుసు.

అప్పుడు నాకొక ప్రశ్న పట్టుకుంది. చదివేవాడు రాసేవాడితో ఎలా మాట్లాడాలి? ఇది ఇన్‌స్టాగ్రామ్ వచ్చాక పుట్టిన ప్రశ్న అనుకున్నాను. కాదు. మన పేట, వినుకొండ, గుత్తికొండ చుట్టూ దీని మీద పెద్ద పెద్ద యుద్ధాలే జరిగాయి.

అవధానంతో మొదలుపెడదాం. అష్టావధానం పేరు వినే ఉంటారు. స్టేజీ మీద ఒక కవి కూర్చుంటాడు. ఎదురుగా ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు అడిగేవాళ్లు. ఒకరు అర్థం లేనట్టు కనిపించే వాక్యం ఇచ్చి దాన్ని పద్యంలో అర్థవంతం చేయమంటారు, అది సమస్య. ఒకరు నాలుగు మాటలు ఇచ్చి అవి వచ్చేలా పద్యం చెప్పమంటారు, అది దత్తపది. ఒకరు "ఈ అక్షరం వాడొద్దు, ఆ అక్షరం వాడొద్దు" అని అడ్డం పడుతుంటారు, అది నిషిద్ధాక్షరి. వీళ్లందరిలో నాకు భలే నచ్చినవాడు అప్రస్తుత ప్రసంగం చేసేవాడు. ఆయన పనే కవి దృష్టి చెదరగొట్టడం. కవి పద్యం ఆలోచిస్తుంటే మధ్యలో దూరి సంబంధం లేని చిలిపి ప్రశ్నలు వేస్తాడు. కవి దానికి కూడా నవ్వుతూ జవాబు చెప్పి, మళ్లీ పద్యం దగ్గరకు రావాలి.

గమనించండి, ఇవాళ మనం ట్రోల్ అంటున్నవాడికి మనవాళ్లు ఏనాడో ఒక కుర్చీ వేశారు. కానీ ఆ కుర్చీకి పద్ధతి ఉంది. అడిగేవాడు ఎవరో సభ మొత్తానికి తెలుసు. ఎదురుగా కూర్చుని, మొహం చూపించి అడుగుతాడు. జవాబు బాగుంటే ముందుగా చప్పట్లు కొట్టాల్సింది కూడా ఆయనే.

ఈ విద్యలో మన వైపు నుంచి మహా పేరు తెచ్చుకున్నవాళ్లు కొప్పరపు సోదర కవులు. నరసరావుపేటకు దగ్గర్లోని కొప్పరం వాళ్ల ఊరు. అన్న వేంకట సుబ్బరాయ కవి, తమ్ముడు వేంకట రమణ కవి. ఆగకుండా వందల కొద్దీ పద్యాలు ఆశువుగా చెప్పేవాళ్లని పేరు. అదే కాలంలో గోదావరి, కృష్ణా జిల్లాల వైపు తిరుపతి వేంకట కవులు వెలుగుతున్నారు. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి. చెళ్ళపిళ్ళ అనే పేరు గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది.

ఈ రెండు జంటలకూ పడలేదు. 1910 ప్రాంతంలో గుంటూరు సీమ అట్టుడికిపోయింది. సవాళ్లు, ప్రతిసవాళ్లు, పద్యాల్లో తిట్లు, కరపత్రాలు. అటు వాళ్ల అభిమానులు, ఇటు వీళ్ల అభిమానులు. తిరుపతి వేంకట కవులు ఈ గొడవ మీద 'గుంటూరుసీమ' అని ఒక పుస్తకమే వేశారు. హీరోల ఫ్యాన్స్ కొట్టుకోవడం చూసి మన తరం పాడైపోయిందని పెద్దవాళ్లు అంటుంటారు కదా. ఈసారి అంటే కొప్పరం పేరు చెప్పండి.

నవ్వులు సరే, ఇందులో ఒక సంగతి ఉంది. ఆ గొడవలో తిట్టాలన్నా ఛందస్సులో తిట్టాలి. యతి తప్పితే తిట్టినవాడి పరువే పోతుంది. తిట్టడానికి కూడా కొంత చదువుకుని రావాలి. నాకైతే ఒక ఫోటో, మూడు మాటలు, ఒక ట్యాగ్ సరిపోయాయి.

ఇప్పుడు గుత్తికొండ వెళ్దాం. గుత్తికొండ బిలం చూడటానికి చాలామంది వెళ్లుంటారు. ఆ ఊరి మనిషే అక్కిరాజు ఉమాకాంతం గారు. 1889లో పుట్టారు. పల్నాటి వీరుల కథ మనకు కారంపూడి ఉత్సవాల్లో, వీరగాథలు పాడేవాళ్ల నోట్లో ఉండేది. శ్రీనాథుడి పేరు మీద ఉన్న 'పల్నాటి వీరచరిత్ర' తాళపత్రాల్లో ఉండేది. దాన్ని 1911లో పరిష్కరించి, పీఠిక రాసి అచ్చు వేయించింది ఈయనే. అప్పటికి ఆయన వయసు 22. నాలాంటి వాడు ఆ వయసులో రీల్స్ చేసుకుంటుంటే, ఆయన సొంత ఊరి కథను లోకానికి అందించారు.

అయితే సాహిత్యలోకంలో ఉమాకాంతం గారి పేరు మోగిపోయింది ఇంకో పుస్తకంతో. 1928లో 'నేటికాలపు కవిత్వం' అని రాశారు. అప్పుడు తెలుగులో భావకవిత్వం ఊపు మీద ఉంది. కుర్రకారంతా ప్రేయసి, విరహం, వెన్నెల అంటూ ఊగిపోతున్నారు. నండూరి సుబ్బారావు గారి 'ఎంకి పాటలు' ఇంటింటా పాడుకుంటున్నారు. అంత క్రేజ్ ఉన్న కవిత్వాన్ని ఈయన ఒక్కరే కూర్చుని, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఉతికి ఆరేశారు. అంటే పొగడ్తల వర్షంలో ఒక్క స్టార్ రివ్యూ ఇచ్చిన మనిషి అన్నమాట.

ఆ పుస్తకం నేను ఫోన్‌లోనే చదివాను, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. కష్టంగా ఉంటుంది, నాకు సగం అర్థం కాలేదు, అది ఒప్పుకుంటాను. కానీ పద్ధతి మాత్రం అర్థమైంది. ముందు ఎవరి పద్యం గురించి మాట్లాడుతున్నాడో ఆ పద్యాన్ని మన ముందు పెడతాడు. ఇందులో ఇదీ దోషం అంటాడు. ఎందుకు దోషమో పాత అలంకారశాస్త్రం నుంచి చూపిస్తాడు. ఆ తర్వాత "మీరన్నది తప్పు" అని అవతలివాళ్లు ఏం అనగలరో ఆ ఆక్షేపణ కూడా తనే రాసి, దానికి జవాబు చెబుతాడు. కొత్త కవులు ఊరికే మాటలు పోగేస్తున్నారని అనడానికి ఆయన వాడిన మాట ఏంటో తెలుసా? 'పులుముడు'. ఇవాళ కామెంట్‌లో పెట్టినా పేలే మాట. ఇంకో విశేషం, పాత శాస్త్రాన్ని నమ్ముకున్న ఆ మనిషి రాసింది గ్రాంథికంలో కాదు, వాడుక మాటల్లో.

మరి ఆయన చెప్పిందంతా ఒప్పేనా? కాదు. ఎంకి లాంటి పల్లెటూరి పిల్లకీ, నాయుడుబావకీ గొప్ప కావ్యంలో నాయికా నాయకుల స్థానం ఇవ్వడానికి ఆయన శాస్త్రం ఒప్పుకోలేదు. కాలం ఆ తీర్పును కొట్టేసింది. ఎంకి పాటలు ఇవాళ్టికీ పాడుతున్నారు. తక్కువ మనిషి, ఎక్కువ మనిషి అనే లెక్క శాస్త్రం రూపంలో వచ్చినా అది లెక్కే అని నాకు అనిపించింది. కానీ ఒకటి చూడండి. ఆయన తప్పని మనం ఇవాళ ధైర్యంగా అనగలుగుతున్నాం, ఎందుకంటే ఆయన కారణాలన్నీ కాగితం మీద పెట్టి వెళ్లాడు. కారణం చెప్పినవాడితోనే వాదించగలం. ఇంటిపేరు చూసి మాట్లాడేవాడితో ఏం వాదిస్తాం?

ఇక వినుకొండ. ఇది చెప్పడానికే ఈ ఎపిసోడ్ చేస్తున్నాను.

గుర్రం జాషువా గారు 1895 సెప్టెంబర్ 28న వినుకొండలో పుట్టారు. కులం పేరుతో చిన్నప్పటి నుంచి అవమానాలు. బడి పంతులుగా చేశారు. రాజమండ్రిలో మూకీ సినిమాలకు పక్కన నిలబడి కథ చెప్పే పని చేశారు. అంటే బొమ్మ తెర మీద, గొంతు ఈయనది. ఆ రోజుల్లో వినుకొండలో ఒక అవధాన సభ జరిగింది. ఇందాక చెప్పానే, పృచ్ఛకులు, సమస్యలు, చప్పట్లు, అదే సభ. కుర్రవాడైన జాషువా అక్కడ పద్యాలు చదివాడు. పద్యాల్లో తప్పుందని ఎవరూ అనలేదు. తక్కువ కులం వాణ్ణి సభలోకి ఎందుకు రానిచ్చారని గొడవ చేశారు. అవమానించి పంపారు.

సొంత ఊరు. సొంత భాష. తనకు ప్రాణమైన పద్యం. అప్రస్తుత ప్రసంగం చేసేవాడికి కుర్చీ ఉంది. పద్యం చదివినవాడికి లేదు.

ఈ బాధ ఆయన్ను జీవితాంతం వదల్లేదు. ఒక పద్యంలో ఆయనే చెప్పుకున్నారు: వినేటప్పుడు ఆహా అంటారు, ఆ తర్వాత మీదే కులం అని అడుగుతారు, తెలియగానే లేచిపోతారు, అప్పుడు గుండెలో కత్తి దిగినట్టు ఉంటుంది అని. నేను స్కూల్లో ఈ పద్యం బట్టీపట్టాను. మార్కులు కూడా వచ్చాయి. ఆ కామెంట్‌కి హార్ట్ కొట్టేటప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

1941లో ఆయన 'గబ్బిలం' రాశారు. కాళిదాసు మేఘదూతంలో యక్షుడు మేఘంతో ప్రియురాలికి కబురు పంపుతాడు. జాషువా కావ్యంలో అంటరానివాడైన ఒక పేదవాడు తన గోడు కాశీ విశ్వనాథుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. ఎందుకు గబ్బిలం? దానికి గుడిలోకి రానిపోని అడ్డు లేదు. మనిషికి ఉంది. నాకు తెలిసినంతలో తెలుగులో ఇంతకంటే గట్టి మెసేజ్ ఇంకోటి లేదు. లోపలికి రానివ్వని సభకు బయట నుంచి పంపిన మెసేజ్ అది.

ఇప్పుడు చెళ్ళపిళ్ళ పేరు గుర్తుందా? గుంటూరు సీమలో కొప్పరపు కవులతో అంత గొడవ పడిన అదే చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు, అప్పటికి పెద్దాయన, ఒక సభలో స్వయంగా జాషువా కాలికి గండపెండేరం తొడిగారు. గండపెండేరం అంటే గొప్ప కవి కాలికి తొడిగే బంగారు కడియం. అది తొడగాలంటే వంగి కాలు ముట్టుకోవాలి. ఒక బ్రాహ్మణ మహాపండితుడు నిండు సభలో జాషువా పాదం ముట్టుకున్నాడు. వినుకొండ సభ అన్న మాటకు అది జవాబు. జాషువాకు 1964లో 'క్రీస్తు చరిత్ర'కు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు, 1970లో పద్మభూషణ్ వచ్చాయి. వాటన్నిటి కంటే నాకు ఆ వంగిన మనిషే ఎక్కువ గుర్తుంటాడు. తిట్టడం తెలిసినవాడే, గౌరవించడం కూడా తెలిసినవాడు.

ఇక్కడి నుంచి మన కాలానికి త్వరగా వచ్చేద్దాం. వారపత్రికల రోజుల్లో పాఠకులు ఉత్తరాలు రాసేవాళ్లు. కార్డు కొని, రాసి, పోస్టు చేసేలోపు కోపం కొంత చల్లారేది. మిగిలింది సంపాదకుడు వడకట్టేవాడు. తర్వాత తెలుగు బ్లాగులు వచ్చాయి. 2009లో పుస్తకం డాట్ నెట్ మొదలైంది, చదివినవాళ్లే తమ పుస్తకాల గురించి రాసే చోటు. ఇప్పుడు మన చేతిలో ఫోన్ ఉంది. రచయితకూ పాఠకుడికీ మధ్య ఎవరూ లేరు. ఇది మంచిదే. వినుకొండ సభలాగా తలుపు దగ్గర నిలబడి నీదే కులం అని అడిగేవాడు లేడు. మాచర్ల పిల్లయినా, గురజాల పిల్లాడైనా నేరుగా మాట్లాడొచ్చు. కానీ తలుపు దగ్గర నిలబడ్డవాడు ఎక్కడికీ పోలేదు. కామెంట్లలోకి వచ్చి కూర్చున్నాడు. నేనే హార్ట్ కొట్టి కుర్చీ వేశాను.

ఇది మన ఒక్కరి కథే అనుకోకండి. 2014లో కాథ్లీన్ హేల్ అనే అమెరికన్ రచయిత్రి, గుడ్‌రీడ్స్‌లో తన నవలను చీల్చి చెండాడిన బ్లాగర్ అసలు ఎవరో వెతికి పట్టుకుని, ఆవిడ ఇంటి గుమ్మం దాకా వెళ్లింది. ఆ సంగతి తనే గార్డియన్ పత్రికలో రాసుకుంది. రచయితలు కూడా గీత దాటుతారు అనడానికి చెబుతున్నాను.

పక్కనే తమిళనాడులో పెరుమాళ్ మురుగన్ కథ ఇంకా బాధగా ఉంటుంది. 2010లో వచ్చిన ఆయన నవల 'మాదొరుబాగన్' మీద నాలుగేళ్ల తర్వాత ఆయన సొంత ప్రాంతం తిరుచెంగోడులో గొడవ లేచింది. కొన్ని పేజీలు మాత్రం జిరాక్సులు తీసి పంచారు. 2015 జనవరిలో ఆయన ఫేస్‌బుక్‌లో రచయిత పెరుమాళ్ మురుగన్ చనిపోయాడు అని ప్రకటించారు. మనిషి బతికే ఉన్నాడు, రాయడం ఆపేశాడు. 2016 జూలైలో మద్రాసు హైకోర్టు ఆయన వైపు తీర్పు ఇచ్చింది. నచ్చకపోతే పుస్తకం మూసేయొచ్చు, రచయిత మళ్లీ రాయాలి అన్నది దాని సారాంశం. ఆయన మళ్లీ రాశారు. మళ్లీ రాయలేకపోయినవాళ్ల సంగతి మనకు తెలియదు, వాళ్లు కనపడరు.

ఇక నా దగ్గరకు వస్తాను. ఉమాకాంతం గారు పుస్తకాన్ని పట్టుకున్నారు. వినుకొండ సభ మనిషిని పట్టుకుంది. రెండూ మన పల్నాడులోనే జరిగాయి. నా మిరప పాయింట్ మొదటి రకం. నా ఫోటో, నా హార్ట్ రెండో రకం. ఒకే వీడియోలో రెండూ చేశాను.

అందుకని ఆ వీడియో తీసేసి మళ్లీ చేశాను. మిరప కోతల మాట అలాగే ఉంచాను, అది తప్పే కాబట్టి. ఫోటో బదులు ఆ పేజీ చూపించాను. ఇంటిపేరు కామెంట్లు తీసేశాను, హార్ట్ కొట్టింది నేనేనని వీడియోలోనే చెప్పాను. వ్యూస్ మొదటిదానిలో పదో వంతు కూడా రాలేదు.

ఇప్పుడు నేను పాటించేవి చెబుతాను, మీ ఇష్టం. పుస్తకం నచ్చకపోతే పేరు చెప్పి, పేజీ చూపించి, కారణం చెబుతాను, కానీ రచయితను ట్యాగ్ చేయను. చదవాలనుకుంటే వాళ్లే వచ్చి చదువుకుంటారు. నచ్చితే ట్యాగ్ చేస్తాను, మంచి మాట ఇంటికెళ్లి చెప్పినా తప్పులేదు. పుస్తకం ఊరికే పంపిస్తే ఆ మాట ముందే చెబుతాను. రచయిత వచ్చి నేను తప్పని చూపిస్తే ఆ జవాబును అందరికంటే పైన పిన్ చేస్తాను. కులం, ఇంటిపేరు, మొహం గురించి వచ్చిన కామెంట్ ఒక్క నిమిషం కూడా ఉండదు.

ఆవిడకు మళ్లీ మెసేజ్ పెట్టాను, ఈసారి "చూసుకోలేదు" అనలేదు. క్షమించమని అడిగాను. చూశారు, జవాబు ఇవ్వలేదు. ఇవ్వాల్సిన అవసరం లేదు. ఆవిడ పేజీలో కామెంట్లు ఇంకా మూసే ఉన్నాయి. అప్పుడప్పుడు వెళ్లి చూస్తుంటాను.

మీరు ఎవరైనా రచయితకు ఎప్పుడైనా మెసేజ్ పెట్టారా? ఏమన్నారు, వాళ్లేమన్నారు? కింద రాయండి. ఈసారి అన్నీ చదివాకే హార్ట్ కొడతాను. వచ్చే వారం 'గబ్బిలం' చదువుదాం, పద్యాలు కదా అని భయపడకండి, నెమ్మదిగా కలిసి చదువుదాం. ఉంటాను మరి.